మ్యాపంతా పచ్చగా

"పద్దెనిమిదో తారీఖు, మంగళవారం. బంగాళాదుంప ముక్కలు, రెండు ఉడకబెట్టిన గుడ్లు. మిరియాల పొడి విడిగా కాగితంలో మడిచి పెట్టారు. చాలా, ఇంకా చెప్పాలా?"

"ఏం తిన్నారని కాదు మావయ్యా నేనడిగింది. బండి ఎక్కడ ఆపారని."

"ఆపకుండా ఎలా తింటానమ్మాయ్? స్టీరింగ్ పట్టుకుని గుడ్డు ఒలిచే విద్య నాకు రాదు."

"ఎక్కడ ఆపారు?"

"నీడ ఉన్నచోట."

"నీడ ఎక్కడుంది?"

"ఎండ లేనిచోట. ఏంటిది, తిన్న చెయ్యి ఆరకముందే విచారణ? నువ్వు నా కోడలివా, పోలీసువా?"

"ఈ పూటకి కోడల్ని కాను. మీరు ఊరంతా బండి తిప్పి ఫోన్ సిగ్నల్ ఎక్కడెంత ఉందో కొలిచి తెస్తే, ఆ కొలతలతో మ్యాపు గీసే ఇంజనీర్ని. రేపు పొద్దున మీటింగు. మంజూరైంది ఒక్క కొత్త టవరు. అది ఎక్కడ నిలబెట్టాలో నా మ్యాపు చూసి తేలుస్తారు. ఆ మ్యాపు తప్పని నాకు ఇవాళ తెలిసింది."

"తప్పెలా అవుతుంది? మీ పెద్దసారు కేకు కోయించారుగా."

"కోయించారు."

"పైన పచ్చటి క్రీము. మావాడి బేకరీలోనే చేయించారు. నాకూ ఒక ముక్క తెచ్చావు."

"మావయ్యా, మళ్ళీ తిండి దగ్గరికి వెళ్ళకండి."

"సరే, వెళ్ళను."

"సాయంత్రం పాలు తెమ్మని మీకు ఫోన్ చేశాను. ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేరనే చెప్పింది. మీరేమో ఇంటికొచ్చి, 'కొండ వెనక కాలనీ దాకా వెళ్ళానమ్మా, నువ్వు ఫోన్ చెయ్యలేదుగా' అన్నారు."

"అన్నానా?"

"చెప్పులు విప్పుతూ అన్నారు."

"చెప్పులు విప్పేటప్పుడు మనిషికి నోరు అదుపులో ఉండదు."

"ఆ కాలనీ నా మ్యాపులో పచ్చగా ఉంది. పచ్చ అంటే ఏంటో తెలుసా? ఇంట్లో మంచం కిందకి దూరినా ఫోన్ మోగాలి."

"నేను మంచం కిందకి దూరలేదు."

"మరి ఎక్కడ దూరారు?"

"మంచినీళ్ళు కాస్త ఇలా ఇస్తావా?"

"ఇవిగో. తాగేసి చెప్పండి."

"కంప్యూటరు చెప్పేది ఊహ కదమ్మా. ఊహ అన్నాక తప్పుతుంది. దానికింత పట్టుదలెందుకు?"

"ఊహే. కానీ ఊరికే ఊహించదు. టవరు నుంచి బయల్దేరిన సిగ్నల్ ఎంత దూరానికి ఎంత నీరసపడుతుందో, కొండ అడ్డొస్తే ఎంత పోతుందో, గోడ అడ్డొస్తే ఎంత పోతుందో లెక్క కడుతుంది. కాకపోతే దానికి మన ఊరు తెలీదు. మన కొండ తెలీదు, ఆ కాలనీ రేకుల ఇళ్ళు తెలీవు. మీ బండి తెచ్చిన కొలతలు చూసి నేర్చుకుంటుంది. మీరు తప్పు నేర్పితే తప్పే నేర్చుకుంటుంది."

"ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. తప్పు నేర్పానని ఒక్కరూ అనలేదు."

"చచ్చిపోయిన రాజులు లేచొచ్చి అనరు కాబట్టి."

"అదీ నిజమేలే."

"ఇలా రండి. ఈ ల్యాప్‌టాప్‌లో చూడండి. ఇవన్నీ మీ బండి కొలిచిన చోట్లు. సెకనుకో చుక్క. ఊరంతా ఎలా ఉన్నాయి?"

"చీమల బారుల్లా ఉన్నాయి. ముచ్చటగా ఉన్నాయమ్మా."

"ఇక్కడ?"

"ఇక్కడా... కాస్త ఎక్కువ చీమలున్నాయి."

"కాస్త కాదు, ఇది చీమల పుట్ట. బండి కదలకుండా నిలబడింది, రికార్డింగ్ మాత్రం నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఒక్కచోటే సెకనుకో చుక్క! ఆ చోట సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. వేల చుక్కలు. మిగతా కాలనీ మొత్తానికి కలిపి రెండొందలు లేవు."

"అయితే ఏమైంది? ఎక్కువ కొలిస్తే మంచిదేగా."

"మీ లెక్కలోనే చెప్తా. క్లాసులో నలభై మంది ఉన్నారు. మీరు ఒక్కడినే నిలబెట్టి పొద్దస్తమానం అదే ప్రశ్న అడిగారు. వాడికొచ్చు, వాడు ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. అది చూసి నేను క్లాసంతా ఫస్టు క్లాసని రాసేశాను."

"అయ్యో."

"ఆఁ, అయ్యో. కొండ అడ్డున్నా ఇక్కడ సిగ్నల్ ఏమీ తగ్గదని కంప్యూటరు నేర్చేసుకుంది. కాలనీ అంతా పచ్చరంగు పులిమేసింది. కొలతకీ లెక్కకీ ఇంత చక్కగా కుదిరిన మ్యాపు మా ఆఫీసులో ఇంతవరకు రాలేదట. అందుకే కేకు."

"నిద్రపోయానమ్మా."

"ఏంటి?"

"ఆ రోజు. తిన్నాక కునుకు పట్టింది. రికార్డింగ్ ఆపలేదు. రాసుకో. వయసు మీద పడింది, ముసలాడు నిద్రపోయాడని రాసుకో."

"మీరు పగలు నిద్రపోరు."

"ఆ రోజు పోయాను."

"అత్తయ్య పోయిన దగ్గర్నుంచి రాత్రులే సరిగ్గా నిద్రపోవడం లేదు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేకే కదా ఈ బండి పని కావాలన్నారు. మీరింత తొందరగా ఒప్పుకున్నారంటే అది నిద్ర కాదు."

"నాన్నా! ఆ గొంతులు కాస్త తగ్గిస్తారా ఇద్దరూ? నేను తెల్లారకముందే లేచి పిండి కలపాలి."

"పడుకోరా, పడుకో. మీ ఆవిడ నాకు పరీక్ష పెట్టింది, అంతే."

"పాసయ్యారా?"

"సప్లిమెంటరీ."

"తలుపు వేసుకుని పడుకోండి మీరు. మావయ్యా, ఇంకోటి చూపిస్తా. మిగతా రోజులు. ఇదిగో, పదమూడో తారీఖు, పద్నాలుగు, ఇరవై. ప్రతిరోజూ ఇదే చోట రికార్డింగ్ ఆగింది. గంటకో గంటన్నరకో ఇక్కడే మళ్ళీ మొదలైంది. అంటే రోజూ ఇక్కడ ఆగుతున్నారు. ఆపడం మీకు బాగా తెలుసు. మర్చిపోయింది ఆ ఒక్కరోజే."

"నీకు మా శాఖలో సీటు రావాల్సింది. చరిత్రలో పనికొచ్చే బుర్ర."

"అక్కడేముంది?"

"గోడుంది."

"ఏ గోడ?"

"పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గోడ. దాని మూల నిలబడితే కొండ సందులోంచి మీ టవరు తల కనబడుతుంది. ఆ కాలనీ మొత్తానికి ఫోన్ పలికేది అక్కడొక్కచోటే. రెండడుగులు ఇటు జరిగితే మాట తెగిపోతుంది. కుర్రాళ్ళు కొలిచి మరీ ఇటుకలు పరిచారు. ఇటుక మీద నిలబడితే మాట వస్తుంది, దిగితే పోతుంది."

"కాలనీ అంతా అక్కడికే వస్తుందా, ఫోన్ మాట్లాడటానికి?"

"ఎక్కడికెళ్తారు మరి? సాయంత్రమైతే తిరునాళ్ళే. అప్పులవాళ్ళతో గొడవలు, కూతుళ్ళతో గారాబాలు, అన్నీ అందరి ముందూ. నేను బండి గోడకి ఆనించి పెడితే నీడ పడుతుంది, ఆ నీడన నలుగురు నిలబడతారు. ఒకాయనుంటాడు. భార్య ఆసుపత్రిలో ఉంది. ఆయన ఫోన్ చేసి, ఎలా ఉందని అడిగేటప్పుడు మాత్రం గోడ దగ్గర ఒక్క గొంతు వినపడదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలా అలవాటైంది. చూడ్డానికి భలే ఉంటుందమ్మాయ్."

"ఇదంతా మా ఆఫీసుకి ఎందుకు తెలీలేదు?"

"మీరే చెప్పాలి."

"పెద్దసారు నిన్న కూడా అన్నారు. మ్యాపు పచ్చగానే ఉంది, ఆ కాలనీ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు, అక్కడ టవరు దండగ, కొత్తగా కడుతున్న షాపింగ్ మాల్ పక్కన పెడదాం అని."

"ఫిర్యాదు ఎలా చెయ్యాలి?"

"ఫోన్ చేసి."

"ఊఁ."

"నవ్వకండి."

"నవ్వలేదు. దగ్గొచ్చింది."

"నా తప్పు లేదనడం లేదు మావయ్యా. ఒకేచోట పడ్డ చుక్కలన్నీ కలిపి ఒక్కటిగా లెక్కెయ్యాలి. అది నా పని. ప్రతిసారీ చేస్తాను. ఈసారి ముందు కలపకుండానే లెక్క వేసి చూద్దామనుకున్నా. అంత అందంగా వచ్చింది. అందంగా వచ్చిందాన్ని మళ్ళీ కెలకబుద్ధి కాలేదు."

"అందరికీ అంతే. నేనూ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు చేతిరాత బాగుంటే లోపల ఏం రాశారో చదివేవాడిని కాదు."

"ఇప్పుడు కలిపి వేస్తున్నా. కాస్త టైం పడుతుంది. ఈలోపు చెప్పండి."

"ఏం చెప్పాలి? చెప్పేశాగా. గోడ, ఇటుకలు."

"గోడ దగ్గర సిగ్నలుంది. ఇవాళ మీ ఫోన్ పలకలేదు. అంటే గోడ దగ్గర లేరు. ఇవాళ మీకు పని కూడా లేదు, సెలవు."

"చొక్కా బొత్తాం ఊడింది."

"ఏ చొక్కా?"

"ఇదే. చూడు, పై నుంచి రెండోది. కుట్టించుకొచ్చా."

"ఇంట్లో సూదీ దారం ఉంది. ఎదురుగా దర్జీ షాపుంది. ఒక్క బొత్తానికి కొండ చుట్టి వెళ్ళారా?"

"అక్కడావిడ బాగా కుడతారు."

"ఎవరావిడ?"

"ఆవిడే. కాలనీలో కుట్టుపని చేస్తారు. పాపం, రోజూ గోడ దగ్గరకొచ్చి బట్టలిచ్చినవాళ్ళకి ఫోన్ చేసుకోవాలి. 'అమ్మా, మీ నడుం కిందటిసారి కంటే రెండంగుళాలు పెరిగింది, అలాగే కుట్టమంటారా' అని అరవాలి. సిగ్నల్ సరిగ్గా లేకపోతే మళ్ళీ అరవాలి. ఫలానా వాళ్ళ నడుమెంతో ఆ కాలనీలో పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"ఆ గుడ్లు, మిరియాల పొడీ ఆవిడవేనా?"

"ఏ గుడ్లు?"

"పద్దెనిమిదో తారీఖు గుడ్లు."

"తిండి దగ్గరికి వెళ్ళొద్దన్నావుగా."

"మావయ్యా!"

"ఆవిడవే. కారు మాస్టారు పొద్దుట్నుంచి తిరుగుతున్నారు, ఏమీ తిన్నట్టు లేరని తెచ్చారు. నన్నక్కడ కారు మాస్టారంటారు. ఉప్పు తక్కువైందేమో అని అడిగారు. లేదన్నాను. అబద్ధమాడకండి అంది."

"ఇప్పటిదాకా 'అన్నారు', ఇప్పుడు 'అంది'."

"నోరు జారింది. చెప్పులు కూడా విప్పలేదు, అయినా జారింది."

"ఆవిడకి ఎవరున్నారు?"

"ఓ కూతురుంది, దూరంగా. పెళ్ళయిపోయింది. ఈవిడ భర్త పోయి చాలా ఏళ్ళయిందట. ఆవిడ మాట్లాడుతుంటే నాకు మీ అత్తయ్య గుర్తుకు రాదమ్మా. గుర్తుకు రాకపోవడమే బాగుంటుంది. ఆమె స్థానం ఆమెకే ఉంది, ఇది వేరే చోటు. నీకెలా చెప్పాలో తెలీడం లేదు."

"చెప్పక్కర్లేదు. లెక్క అయిపోయింది. చూడండి."

"అమ్మో. ఈ ఎరుపంతా ఏంటి?"

"కాలనీ."

"మొత్తమా?"

"ఇదిగో, ఈ గోరంత పచ్చ మీ గోడ. తక్కినదంతా ఎరుపే. ఇదీ అసలు మ్యాపు."

"కేకు మీద క్రీమంతా వృథా."

"మీకు నవ్వులాటగా ఉందా? ఈ మ్యాపు పంపితే టవరు కాలనీకి వెళ్తుంది. పెద్దసారు మాల్ వాళ్ళకి ముందే మాటిచ్చారు, ఆయన మొహం మాడుతుంది. ఎందుకు మారిందని అడుగుతారు. బండి నిలబెట్టి రికార్డింగ్ ఆపలేదని చెప్పాలి. మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారు. పంపకపోతే ఎవరూ అడగరు. ఫిర్యాదులు కూడా రావు."

"పంపు."

"ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముంది? తప్పని తెలిశాక అచ్చు తప్పుల పట్టిక వెయ్యాల్సిందే. పంపు."

"నిజంగా నాకో అనుమానం వచ్చింది. అడగనా?"

"ఇంకా మిగిలాయా?"

"టవరొస్తే ఎవరింట్లో వాళ్ళకి ఫోన్ పలుకుతుంది. గోడ దగ్గరికి ఎవరూ రారు. ఆవిడా రారు. ఆ సంగతి మీకు ముందే తట్టి, టవరు రాకుండా ఉండాలని ఆ రోజు కావాలనే..."

"అమ్మాయ్!"

"తప్పు మాటన్నాను."

"చూసేవాళ్ళకి అలాగే కనబడుతుందిలే. నాకీ చుక్కలు కలపడాలు, విడదీయడాలు తెలిస్తే కదా కావాలని చెయ్యడానికి. నేను ఆన్ నొక్కుతాను, ఆఫ్ నొక్కుతాను. ఆ రోజు ఆఫ్ నొక్కలేదు. ఆ ఆసుపత్రాయన సంగతి చెప్పానుగా. మొన్న వానలో గొడుగు కింద నిలబడి అడిగాడు, భార్య తిందా లేదా అని. అలాంటివాళ్ళని వానలో నిలబెట్టి, నేను సాయంత్రాలు కబుర్లు చెప్పుకోవాలనుకుంటానా?"

"అనుకోరు. నాకు తెలుసు. తెలిసీ నోరు జారాను."

"పంపు మరి."

"మీ పని పోతుంది."

"పోనీ. నడిచి వెళ్తా. కొండ చుట్టూ దారి బాగానే ఉంది. సాయంత్రం నీడ కూడా పడుతుంది."

"నడిచి వెళ్ళి ఏం చేస్తారు? గోడ దగ్గర ఒంటరిగా నిలబడతారా?"

"నా సంగతి తర్వాత. పంపావా?"

"పంపుతున్నా. 'తప్పు సరిచేశాను, పాతది చూడకండి' అని రాశాను. తప్పు ఇద్దరిదీ అని రాశాను. మీరొద్దన్నా తియ్యను."

"వద్దనను. పక్కన నీ పేరుంటే నాకు మర్యాదే."

"వెళ్ళింది."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. ఇక పడుకోండి. ఆయన తలుపు మళ్ళీ తెరిచి పడుకున్నట్టున్నారు, లైటు పడుతోంది. వెళ్తూ వెళ్తూ కాస్త దగ్గరగా వెయ్యండి."

"అలాగే."

"మావయ్యా."

"ఊఁ?"

"అన్నీ చెప్పారు, ఒక్కటి చెప్పలేదు. రోజూ ఆపేవారు ఆ రోజే ఎందుకు మర్చిపోయారు?"

"వదిలెయ్యమ్మా."

"వదలను. పొద్దున పెద్దసారు అడిగితే నిద్ర అని చెప్తాను. నాకు మాత్రం నిజం కావాలి."

"ఆ రోజు ఆవిడని అడిగేశాను."

"ఏమని?"

"ఏమని అడుగుతారు, అడిగేదే. మిగిలిన నాలుగు రోజులూ ఒకరికొకరు తోడుగా ఉందామా అని. అడగాలన్న కంగారుతోనే బండి ఆపాను. ఆన్ ఏదో ఆఫ్ ఏదో తెలీలేదు. అడిగాక బండిలోనే కూర్చుండిపోయాను."

"అయ్యో మావయ్యా! ఆవిడేమన్నారు?"

"చుట్టూ చూసింది. పదిమంది ఫోన్లు చెవుల మీంచి దించేసి మమ్మల్నే చూస్తున్నారు. 'జవాబుంది మాస్టారూ, కానీ గోడ దగ్గర నిలబడి అందరి ముందూ చెప్పేది కాదు. మీది ఫోన్ల కంపెనీ బండేగా, మా ఇంట్లో నా ఫోన్ ఎప్పుడు మోగితే అప్పుడు అందులోనే చెప్తా' అంది."

"ఇవాళ ఇంటికే వెళ్ళారుగా. మళ్ళీ అడగలేకపోయారా?"

"అడిగాను. బొత్తాం కుడుతూ తలెత్తకుండానే, 'ఫోన్ మోగిందా?' అంది."

"అయితే ఆ మ్యాపు అలాగే వెళ్ళుంటే..."

"ఈ జన్మకి మోగేది కాదు."

"కానీ టవరు లేవడానికి ఆరునెలలు పడుతుంది మావయ్యా!"

"పడనీ. నెమ్మదిగా మాట్లాడమ్మా, వాడు లేస్తాడు. ఇదిగో, తలుపు దగ్గరగా వేస్తున్నా."